పసుపు తాగిన అంబాసిడర్

మా ఇంట్లో పప్పు కాస్త పచ్చగా కనిపిస్తే చాలు, మా ఆవిడ గరిటె గిన్నెలోనే వదిలేసి "ఏమండీ, ఇది మనకేనా, కారుకా?" అంటుంది. పిల్లలు కిసుక్కుమంటారు. నేనూ నవ్వేస్తాను. నవ్వక ఏం చేయను? నేరం నాది, సాక్ష్యం వంటింటి డబ్బాలో ఉంది. అయితే ఈ కథలో నేను అందరికీ చెప్పింది సగమే. నవ్వుకోదగ్గ సగం. సిగ్గుపడాల్సిన సగం ఇన్నాళ్ళూ కడుపులోనే దాచుకున్నాను. ఇవాళ అది కూడా కక్కేస్తాను.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని ఏటా చెబుతాను, బోర్డు మీద కుక్కర్ బొమ్మ గీస్తాను, విజిల్ దగ్గర బాణం గుర్తు పెడతాను. దానికన్నా నాకు ఎక్కువ పేరు తెచ్చింది ఇంకొకటి ఉంది. ప్రాక్టికల్స్‌లో రీడింగులు వండుకొచ్చిన వాళ్ళను ఇట్టే పట్టేస్తాను. లోలకం ప్రయోగంలో జి విలువ అచ్చంగా 980 వచ్చిందని ఎవడైనా రికార్డు తెస్తే, "నాయనా, ఇది కొలిచిన లెక్కా, వండిన లెక్కా?" అని అడిగి ఎర్ర సిరాతో పేజీకి అడ్డంగా గీత గీసేస్తాను. ఆ ఎర్ర గీతకు పిల్లలు పెట్టుకున్న పేర్లు నాకు తెలుసు. తెలిసీ గర్వపడేవాణ్ణి.

ఇక కారు సంగతి. మా నాన్నగారిది 1984 నాటి అంబాసిడర్ మార్క్ ఫోర్. తెల్లది. ఆయన పోయాక తొమ్మిదేళ్ళు రేకుల షెడ్డులో పడి ఉంది. కోళ్ళు పొదిగాయి, ఎలుకలు సీట్లలో కాపురాలు పెట్టాయి. ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో మూతపడ్డప్పుడు పేపర్లో ఆ వార్త చదివి, షెడ్డులోకి వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడ్డాను. దాన్ని మళ్ళీ తిప్పాలన్న కోరిక ఆ రోజే పుట్టింది. తీరేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఈలోగా దాని వంశవృక్షం చదివాను. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ మన దగ్గర అంబాసిడర్ అయిందనీ, ఇంజను బి.ఎం.సి. వాళ్ళ బి సిరీస్ 1489 సీసీ అనీ, అదే జాతి ఇంజను అక్కడ ఎం.జి.ఏ. అనే స్పోర్ట్స్ కారులో కూడా పరిగెత్తిందనీ తెలిసింది. అది తెలిసిన రోజు నుంచి కారు మీద గౌరవం పెరిగింది. నా మీద నాకు అంతకన్నా ఎక్కువ పెరిగింది.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గరికి ఇంజన్ని తీసుకెళ్ళాను. నాలుగు సిలిండర్లూ అరిగిపోయాయి. బోరింగ్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాం. క్రాంక్ గ్రైండింగ్, వాల్వుల పని, హెడ్ ఫేసింగ్ అన్నీ అయ్యాయి. కింది భాగం బిగించేదాకా మేస్త్రిని చేయనిచ్చాను. హెడ్డు, వాటర్ పంపు, రేడియేటర్ గొట్టాలు మాత్రం నేనే బిగిస్తానన్నాను. వీడియోలు చూశాను కదా! మేస్త్రి నా అరచేతుల వంక ఒకసారి చూశాడు. వాటికి సుద్ద తప్ప మరో మరక లేదు. ఏమీ అనలేదు. నేను బిగిస్తుంటే పక్కనే నిలబడి, నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి ఏ వరుసలో బిగించాలో వేలితో చూపించాడు. కారు తీసుకెళ్ళేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పాడు.

"అయిదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురండి మాస్టారూ. హెడ్డు మళ్ళీ టైట్ చేయాలి. వేడెక్కి చల్లారుతుంటే గాస్కెట్ అణుగుతుంది, నట్లు వదులవుతాయి."

తల ఊపాను. అర్థమైనట్టు తల ఊపడం ఎలాగో ఇరవై ఆరేళ్ళుగా ఎదుటి బెంచీల్లో చూస్తూనే ఉన్నాను.

వారం తిరక్కుండానే పొద్దున్నే కారు ముందు చక్రాల మధ్య అరచేయంత తడి కనిపించింది. పడుకుని చూశాను. బొట్టు వాటర్ పంపు మూతి దగ్గర వేలాడుతోంది. పంపు అడుగున చిన్న కన్నం ఒకటి ఉంటుందనీ, లోపలి సీలు పోతే నీళ్ళు బేరింగు వైపు పోకుండా ఆ కన్నంలోంచి బయటపడతాయనీ చదివి ఉన్నాను. ఇంకేం, రోగం దొరికింది! కొత్త పంపు కొన్నాను. రెండు ఆదివారాలు పోశాను. మోచిప్పల మీద చర్మం ఊడింది. మూడో ఆదివారం పొద్దున అరచేయంత తడి అక్కడే ఉంది.

మా చిన్నప్పుడు పెంకుటిల్లు. వాన వస్తే నడవలో చుక్క పడే చోట అమ్మ గిన్నె పెట్టేది. నాన్న నిచ్చెన వేసుకుని పెంకు సర్దడానికి ఎక్కింది మాత్రం ఎప్పుడూ ఆ గిన్నె పైకి కాదు. ఎక్కడో నాలుగు బారల అవతల పగిలిన పెంకు ఉంటుంది. నీళ్ళు వాసం వెంట జారి, వాటికి నచ్చిన చోట కింద పడతాయి. ఇది నాకు ఆరేళ్ళ వయసులో తెలుసు. యాభై దాటాక మర్చిపోయాను. పంపు కారడం లేదు. రేడియేటర్ పై గొట్టం క్లిప్పు దగ్గర తేమ పుట్టి, గొట్టం అడుగున పాకుతూ వచ్చి, పంపు మూతి మీద బొట్టు కట్టి పడుతోంది. ఆ గొట్టం పాతది. "చూడ్డానికి బాగానే ఉంది" అని రెండు మూడు వందలు మిగుల్చుకోవడానికి నేనే మళ్ళీ తొడిగాను. పాత క్లిప్పు కరిచిన గాడి రబ్బరు మీద అలాగే ఉంది. కొత్త గొట్టం, కొత్త క్లిప్పు వేశాక నేల పొడిగా ఆరిపోయింది. బాగున్న పాత పంపు ఇప్పటికీ మా అటక మీద ఉంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది స్టాఫ్ రూములో చెప్పుకునే ముచ్చట అయ్యేది.

నేల పొడిగా ఉన్నా, రేడియేటర్‌లో మట్టం మాత్రం రోజూ తగ్గుతోంది. పొద్దున్నే మూత తీస్తే నీళ్ళు కిందికి దిగి కనిపించేవి. ల్యాబు నుంచి 250 మిల్లీలీటర్ల కొలజాడీ తెచ్చుకున్నాను. పాత రికార్డు పుస్తకం ఒకటి తీసి గళ్ళు గీశాను. తేదీ, తిరిగిన దూరం, పోసిన నీరు. రోజూ నోటిదాకా, పైకి పొంగేంతవరకు నింపడం, ఎంత పట్టిందో రాయడం. మొదట్లో ఆకుపచ్చ కూలెంటే పోశాను. ఖర్చెక్కువని నాలుగో రోజు నుంచి బోరు నీళ్ళు.

రాసిన అంకెలు ఇలా ఉన్నాయి. కాలేజీకి వెళ్ళొచ్చిన రోజు 9 కిలోమీటర్లు, 250. గుడివాడ వెళ్ళొచ్చిన రోజు 90 కిలోమీటర్లు, 260. ఆదివారం రైతుబజారుకు 4 కిలోమీటర్లు, 240.

ఇప్పుడు నా పాపం చెబుతాను. ఎక్కువ దూరం తిరిగితే ఎక్కువ కారాలి, తక్కువ తిరిగితే తక్కువ కారాలి. అది నా సిద్ధాంతం. అంకెలు దానికి ఒప్పుకోవడం లేదు. అప్పుడు నేనేం చేశాను? రఫ్ పుస్తకం పక్కన పెట్టి, ఫెయిర్ కాపీ రాశాను. రైతుబజారు రోజు 240ని 40 చేశాను, జాడీ చదవడంలో పొరపాటు జరిగి ఉంటుందని. కాలేజీ రోజుల్ని 90కి అటూ ఇటూ సర్దాను. గుడివాడ 260 కాస్త తక్కువగా అనిపించి 900 చేశాను. గ్రాఫు గీశాను. మూలబిందువు గుండా ఎంత చక్కగా వెళ్ళిందో ఆ గీత! మా పిల్లలెవరైనా అలాంటి గ్రాఫు తెస్తే పేజీ చింపి చేతిలో పెట్టేవాణ్ణి.

బయట చుక్క లేదు కాబట్టి నీళ్ళు లోపలికే కారుతున్నాయని తేల్చాను. డిసెంబరు పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లోంచి తెల్లగా పొగ వచ్చేది. అదిగో సాక్ష్యం అన్నాను. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుందనీ, చలిలో అది తెల్లగా కనపడుతుందనీ, బండి వేడెక్కితే మాయమవుతుందనీ నేనే పాఠం చెబుతాను. నా కారు పొగకు ఆ పాఠం వర్తించలేదు.

పోనీ ఆటోనగర్ వెళ్ళి మేస్త్రికి చూపించొచ్చు కదా? అప్పటికి ఆరొందల కిలోమీటర్లు దాటింది. వెళ్తే "హెడ్డు టైట్ చేయించుకోమన్నాను కదా మాస్టారూ" అంటాడు. ఆ ఒక్క మాట పడలేక వెళ్ళలేదు.

బైపాస్ పక్కన టీ బడ్డీ దగ్గర ఒక లారీ డ్రైవరు నా బాధ విని, "పసుపెయ్యండి సార్, పట్టేస్తది. రెండు స్పూన్లు" అన్నాడు. లారీ వాళ్ళ చిట్కా ఇది. రేడియేటర్‌కు సూది బెజ్జం పడితే, దారిలో బాగుచేసే నాథుడు లేకపోతే, పసుపు పొడి నీళ్ళలో ఉబ్బి బెజ్జంలో ఇరుక్కుని ఊరు చేరేదాకా ఆపుతుంది. ఊరు చేరేదాకా అన్న మాట అతను చెప్పే ఉంటాడు. నాకు వినపడింది పట్టేస్తది అన్నదొక్కటే. రెండు స్పూన్లు అన్నదాన్ని కూడా నేను నా పద్ధతిలో సవరించాను. సిస్టంలో ఎనిమిది లీటర్ల దాకా నీళ్ళున్నాయి, రెండు స్పూన్లు ఏ మూలకు? వంటింట్లోకి వెళ్ళి వంద గ్రాములు తూచి తెచ్చాను.

"కారుకేమైనా పేరంటమా?" అంది మా ఆవిడ.

పసుపు కలిపితే నురగ వచ్చి పొంగుతుందేమోనన్న భయంతో ఆ రోజు రేడియేటర్‌ను నోటిదాకా నింపలేదు. రెండు వేళ్ళ ఖాళీ వదిలి మూత పెట్టాను. మర్నాడు పొద్దున మూత తీశాను. మట్టం అక్కడే ఉంది! ఆ మర్నాడూ అక్కడే. నా ఆనందం ఏమని చెప్పను? స్టాఫ్ రూములో పసుపు మహిమ మీద ఉపన్యాసం ఇచ్చాను. కెమిస్ట్రీ మాస్టారు కుర్కుమిన్ గురించి ఏదో అన్నారు, దాన్ని కూడా కలుపుకున్నాను. ఒక ప్రయోగంలో రెండు విషయాలు ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల జరిగిందో చెప్పలేమని నాకెవరూ గుర్తు చేయలేదు. అది గుర్తు చేసే ఉద్యోగం నాదే.

మందు పనిచేసింది కాబట్టి ముందుజాగ్రత్తగా నెలకో మోతాదు వేస్తూ వచ్చాను.

మార్చికి టెంపరేచర్ ముల్లు నిలబడాల్సిన చోట నిలబడకుండా పైకి జరగడం మొదలైంది. మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, అది చలిదేశాల వస్తువు అని నాలుగు రోడ్ల కూడలిలో ఎవరో అన్న మాట గుర్తొచ్చి, దాన్ని పీకి డబ్బాలో పడేశాను. ముల్లు వారం రోజులు మొహమాటపడి మళ్ళీ ఎక్కింది. అప్పుడు నా ఫిజిక్స్ నాకు గుర్తొచ్చింది. రావలసిన చోట రాకుండా ఇక్కడ వచ్చింది. పీడనం పెంచితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది కదా! మా రేడియేటర్ మూత 7 పౌన్లది. దాని స్ప్రింగు కింద నీళ్ళు సుమారు 111 డిగ్రీలదాకా మరగవు. దుకాణంలో 13 పౌన్ల మూత కొన్నాను. ఇప్పుడు 118 దాకా ఢోకా లేదు. రోగికి జ్వరం పెరుగుతుంటే థర్మామీటరు పొడవు పెంచినట్టు.

మే నెలలో గుంటూరులో దగ్గరివాళ్ళ పెళ్ళి. పట్టుబట్టలతో నలుగురం బయలుదేరాం. మంగళగిరి దాటి కాజ టోల్ ప్లాజా వరుసలో ఆగి ఉండగా బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. పక్కకు తీసి ఆపాను. బానెట్ ఎత్తాను. వెనకాల పది హారన్లు, పక్కన మా బావమరిది, ముందు మరుగుతున్న ఇంజను. పంచె కొంగు చేతికి చుట్టుకుని మూత తిప్పాను.

కుక్కర్ ఆవిరి పోకుండా మూత తీయకూడదని మా ఇంట్లో పనమ్మాయికి కూడా తెలుసు. మూత కింద వంద దాటినా నీళ్ళుగానే ఉండిపోయినది, పీడనం పడిపోగానే ఒక్కసారిగా ఆవిరి కావాలని ఎగబడుతుంది. ఎగబడింది. మూత ఎటు పోయిందో తెలీదు. పచ్చటి వేడి నీళ్ళు నిలువెత్తు లేచాయి. తల పక్కకు తిప్పాను కాబట్టి మొహం దక్కింది. మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు లేచింది. పట్టుపంచె, చొక్కా, బావమరిది ఉత్తరీయం, అన్నీ పసుపుమయం. టోల్ వరుసలో ఎవరో పెళ్ళికొడుకును చేస్తున్నారనుకుని ఉంటారు.

అంతటితో ఆగానా? నొప్పి, సిగ్గు కలిసిన తొందరలో చల్లటి నీళ్ళ సీసా తీసి కాలుతున్న ఇంజన్లోకి పోసేశాను. ఇనుము లోపలి నుంచి 'టక్' మని ఒక శబ్దం వచ్చింది. అది ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్రలో వినపడుతుంది. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే ఇంజను కుంటుతూ తిరిగింది, సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ గుప్పుమంది. మే నెల మధ్యాహ్నం, వేడి ఇంజను. ఈసారి ఆ పొగ నిజం చెబుతోంది.

తాడు కట్టి ఆటోనగర్ లాక్కెళ్ళారు.

మేస్త్రి నా చేతి కట్టు చూశాడు, కారు చూశాడు. రెండో రోజు పొద్దున పిలిచాడు. అతను పని చేసే తీరు చూస్తుంటే నాకు ప్రాక్టికల్ పరీక్షలో కూర్చున్నట్టు అనిపించింది. ముందు ఇంజను బయటంతా కడిగి గాలి కొట్టి ఆరబెట్టాడు. "సుద్దముక్కుందా మాస్టారూ?" అన్నాడు. నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పొడి చేసి గొట్టాల అతుకుల మీద, పంపు చుట్టూ, హెడ్డు అంచుల వెంట చల్లాడు. తడి ఎక్కడ పుట్టినా తెల్లటి పొడి మీద గీత పడుతుంది. తర్వాత రేడియేటర్ నోటికి గేజి ఉన్న చేతి పంపు తగిలించి 7 పౌన్ల దాకా గాలి ఎక్కించాడు. ఇంజను చల్లగా ఉండగానే. ఆగి ఉన్న బండిలో పీడనం ఉండదు కాబట్టి చిన్న లీకు నోరు విప్పదట. వేడి మీద చూద్దామంటే చెయ్యి కాలుతుంది, పడ్డ తడి పడ్డట్టే ఆరిపోతుంది. చల్లటి ఇంజనుకు పీడనం పెట్టి అడగడమే పద్ధతి.

ముల్లు మెల్లగా దిగుతోంది. సుద్ద మీద ఒక్క గీత కూడా లేదు. "లోపలికే" అన్నాడు. ఆయిల్ పుల్ల తీసి చూశాడు. పాలు కలిసిన రంగు లేదు, అది అదృష్టం. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరుసగా గుడ్డ మీద పెట్టాడు. మూడు గోధుమ రంగులో ఉన్నాయి. నాలుగోది తోమిన వెండి గ్లాసులా మెరుస్తోంది. ఆవిరి దాన్ని కడిగేసింది. కుర్రాణ్ణి స్టార్టర్ తిప్పమన్నాడు. నాలుగో కన్నంలోంచి చిన్న జల్లు ఎగిరి నా కళ్ళజోడు మీద పడింది.

హెడ్డు విప్పే ముందు నీళ్ళు దించడానికి బ్లాకు పక్కనున్న కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. నీళ్ళున్నాయి, కుళాయి తెరిచి ఉంది, అయినా రాలేదు. కమ్మీ తీసుకుని లోపలికి పొడిచాడు. కాసేపటికి పేస్టులా ఏదో బయటికి వచ్చింది. ముదురు పసుపు, కొంచెం తుప్పు ఎరుపు. వేలి మీదకు తీసుకున్నాడు.

"ఇదేంటి మాస్టారూ?"

ఇదిగో, ఎవరికీ చెప్పని సగం ఇది. నేను ఆ మనిషి కళ్ళలోకి చూసి, "తుప్పయ్యుంటుంది" అన్నాను.

అతను రెండు వేళ్ళ మధ్య దాన్ని నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా వంక చూడలేదు. కుర్రాడితో "ఒరే, మాస్టారికి అల్లం టీ చెప్పు" అన్నాడు. ఆ టీ ఎంత వేడిగా ఉందో, ఎంతసేపు తాగానో నాకు తెలుసు. పిల్లలు రీడింగులు వండుకొచ్చినప్పుడు నేను ఎర్ర సిరా తీసేవాణ్ణి. ఇతను టీ తెప్పించాడు.

హెడ్డు లేచింది. గాస్కెట్ నాలుగో సిలిండరుకూ దాని పక్కనున్న నీళ్ళ దారికీ మధ్య నల్లగా కాలి తెగిపోయి ఉంది. వెనక వరుస నట్లు పానా పెట్టగానే తిరిగాయని మేస్త్రి చెప్పాడు. అయిదొందల కిలోమీటర్ల మాట మాత్రం ఎత్తలేదు. హెడ్డు మీద ఇనుప బద్ద నిలబెట్టి కింద ఫీలర్ గేజి రేకు దూర్చి చూశాడు. ఎక్కడా దూరలేదు. వంకర పోలేదు, పగుళ్ళూ లేవు. నా చన్నీళ్ళను కూడా ఆ ఇనుము క్షమించింది.

"రోజూ ఎన్ని నీళ్ళు పోసేవారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర గ్రాఫుతో సహా జవాబుంది. డాష్‌బోర్డు గూట్లోంచి ఫెయిర్ పుస్తకం తీసి ఇచ్చాను. దాని మధ్యలోంచి రఫ్ పుస్తకం జారి కింద పడింది. మేస్త్రి రెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకున్నాడు.

"రెండు లెక్కలేంటి మాస్టారూ?"

"అది రఫ్."

ఫెయిర్ పుస్తకం మూసి టూల్ పెట్టె మీద పెట్టేశాడు. రఫ్‌లో వేలు పెట్టి పై నుంచి కిందికి చదివాడు. చదవడానికి నిమిషం పట్టి ఉంటుంది.

"నాలుగు కిలోమీటర్లకీ పావు లీటరే, తొంభై కిలోమీటర్లకీ పావు లీటరే. కన్నముంటే ఇంత మర్యాదగా కారదండీ. నోటిదాకా పోసేవారా?"

"పొంగేదాకా."

"ఈ బండికి ఇప్పటి కార్లలా పక్కన ప్లాస్టిక్ డబ్బా లేదు కదా. వేడికి నీళ్ళు పెరుగుతాయి. పెరిగిన నీళ్ళు మూత కింది సన్న గొట్టంలోంచి రోడ్డు మీద పోతాయి. మర్నాడు మీరు మళ్ళీ నింపుతారు, అది మళ్ళీ పారబోస్తుంది. రేకులు మునిగి, పైన వేలెడు ఖాళీ ఉంటే చాలు. మట్టం అక్కడే నిలబడుతుంది."

అక్కడున్న అట్టముక్క మీద లెక్క వేశాను. ముప్ఫై డిగ్రీల నుంచి తొంభైకి వెళ్తే నీటి ఘనపరిమాణం నూటికి మూడు వంతుల పైచిలుకు పెరుగుతుంది. ఎనిమిది లీటర్లకు? పావు లీటరు. ఇది నేను ఏటా బోర్డు మీద చేయించే లెక్క. రెండు మార్కుల ప్రశ్న.

అంటే కొత్త గొట్టం తొడిగిన రోజు నుంచి నా కారు కారనే లేదు. లేని రోగానికి మందేశాను. పసుపు పనిచేసినట్టు కనిపించింది ఆ రోజు రెండు వేళ్ళ ఖాళీ వదిలినందుకు. నేను వేసిన పసుపు, నేను పోసిన బోరు నీళ్ళ సున్నం, లోపలి తుప్పు కలిసి బ్లాకు వెనక భాగంలో, నాలుగో సిలిండరు చుట్టూ పేరుకున్నాయి. నీళ్ళు నెమ్మదిగా కదిలే చోటే మడ్డి దిగుతుంది. అక్కడ వేడి పెరిగింది. అదే చోట నేను మళ్ళీ బిగించని నట్లు వదులయ్యాయి. పైన 13 పౌన్ల మూతతో పీడనం నేనే పెంచాను. గాస్కెట్ తెగడానికి ఎన్ని విధాల సాయం కావాలో అన్ని విధాలా చేశాను. రఫ్ పుస్తకం ఆ మూడు అంకెల్నీ మొదటి వారమే చెప్పింది. దానికి అడ్డం పడి ఫెయిర్ రాసింది నేను.

"మేస్త్రీ, అది తుప్పు కాదు" అన్నాను అప్పుడు.

"వాసనొచ్చింది మాస్టారూ" అన్నాడు. అంతే.

బాగుచేయడానికి పన్నెండు రోజులు పట్టింది. రేడియేటర్ పై తొట్టి టంకం విప్పి, ఒక్కో రేకు గొట్టంలోంచి సన్నటి బద్ద దూర్చి పసుపు తోడారు. బ్లాకును మందునీళ్ళతో కాచి కడిగారు. కొత్త గాస్కెట్ వేసి, నట్లను మధ్యలోంచి బయటికి మూడు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాడు మేస్త్రి. మొదటిసారి బిగించినప్పుడు నా దగ్గర ఉన్న కొలత నా భుజం. 7 పౌన్ల మూత తిరిగి వచ్చింది. నేను పీకిన థర్మోస్టాట్‌ను టీ బడ్డీ గిన్నెలో నీళ్ళు పోయించి, నా ల్యాబు థర్మామీటరు పక్కన వేలాడదీసి కాయించాడు. దాని మీద 82 అని చెక్కి ఉంది. 82 దగ్గర అందంగా నోరు తెరిచింది. నిర్దోషి. బోరు నీళ్ళు మానేసి డిస్టిల్డ్ వాటరులో సగానికి సగం కూలెంటు కలిపి పోశాం. మన బెజవాడలో గడ్డకట్టే భయం లేకపోయినా, తుప్పు పట్టనివ్వని మందు అందులోనే ఉంటుంది. తియ్యటి వాసన వస్తుంది కానీ విషం, పిల్లులు నాకకుండా చూసుకోమన్నాడు.

ఈసారి అయిదొందల కిలోమీటర్లకు నేనే వెళ్ళాను. నట్లు రెండు కొంచెం తిరిగాయి. మిగతావి కదల్లేదు.

ఈ మధ్య ఒక పిల్లవాడు రికార్డు తెచ్చాడు. జి విలువ 941 వచ్చిందని బిక్కమొహంతో నిలబడ్డాడు. రఫ్ పుస్తకం తెరిచి చూశాను, అందులోనూ 941 ఉంది. సంతకం పెట్టి పంపాను. నా మొహంలో ఏం చూశాడో, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళాడు.

కారులో ఇప్పుడు ఒకే పుస్తకం ఉంది. వారానికోసారి, ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి, మట్టం చూసి రాస్తాను. కొత్తగా నింపినప్పుడు ఇరుక్కున్న గాలి బయటికొచ్చి మొదటి వారం కాస్త దిగింది, తర్వాత నిలబడింది. కిందటి ఆదివారం మాత్రం నలభై మిల్లీలీటర్లు తగ్గింది. ఎందుకో తెలీదు. 40 అని రాశాను. పక్క గడిలో 'తెలీదు' అని రాశాను. మేస్త్రికి ఫోను చేస్తే, "వచ్చే వారం కూడా రాయండి, చూద్దాం" అన్నాడు.

పెన్సిలుతోనే రాస్తున్నాను. రబ్బరు మాత్రం కారులో ఉంచుకోవడం లేదు.